తాళం వేసిన ఇంటికి పన్ను ఎంత?

(విజయవాడలో అపార్టుమెంటు యజమానుల సమావేశంలో ఒక విశ్రాంత పురపాలక రెవెన్యూ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినిపిస్తోందా? సరే, మంచిది.

ఆదివారం పూట పన్నుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే రెండే కారణాలు ఉండాలి. పన్ను పెరిగి అయినా ఉండాలి, టిఫిను బాగుండి అయినా ఉండాలి. (నవ్వులు) పెసరట్టు బాగుంది, అది నేనూ ఒప్పుకుంటాను. పన్ను సంగతి చూద్దాం.

నేను బిల్ కలెక్టరుగా చేరి రెవెన్యూ అధికారిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నా ఉద్యోగమంతా తలుపులు తట్టడమే. ఎన్నో తలుపులు తట్టాను కానీ, ఒక తలుపు మాత్రం మరిచిపోలేను. ఊరి పేరు చెప్పను. ఐదంతస్తుల అపార్టుమెంటు, మూడో అంతస్తులో మెట్లకు ఎడమవైపు ఫ్లాటు. అర్ధ సంవత్సరానికి ఒకటి చొప్పున ఏడాదికి రెండు డిమాండ్ నోటీసులు తీసుకుని వెళ్లేవాణ్ణి. ఇత్తడి తాళం మీద పచ్చగా చిలుము. కుండీలో తులసి ఎండి పుల్లయింది. నోటీసును తలుపు కింది నుంచి తోస్తే సగం దూరి ఆగిపోయేది, లోపల ఏదో అడ్డం. ఒకసారి మోకాళ్ల మీద వంగి చూశాను. ఆ అడ్డం నేను అంతకుముందు తోసిన నోటీసులే! (నవ్వులు)

ఆ ఫ్లాటు పన్ను బకాయి అనుకుంటున్నారేమో, కాదు. ఆయన అమెరికా నుంచి ఏప్రిల్ నెల దాటకుండా ఏడాది మొత్తం కట్టేసి, ముందు కట్టినవారికి ఇచ్చే 5 శాతం రాయితీ కూడా తీసుకునేవారు. నా వార్డులో అంత నికరమైన పన్నుదారు మరొకరు లేరు. వాచ్‌మన్‌ని అడిగితే, "బాబుగారు సంక్రాంతికి వస్తారండి" అనేవాడు. వచ్చేవారు. నాలుగు రోజులు లైట్లు వెలిగేవి, గారెల వాసన వచ్చేది, మళ్లీ తాళం. పండగ నెల అంతా వాచ్‌మన్ భార్య అన్ని తలుపుల ముందూ ముగ్గు వేసేది. తాళం వేసిన తలుపు ముందు కూడా వేసేది. ఆ ముగ్గు చెరిపేవాళ్లు లేక మరునాటికీ అలాగే ఉండేది. వాళ్ల కుటుంబం ఉండేది కింద కార్లు పెట్టేచోట ఒక గదిలో. నలుగురు మనుషులు, ఒక గది.

నాకు ఆ ఫ్లాటు యజమాని మీద కోపం లేదు. ఆయన తప్పేమీ చెయ్యలేదు. నా గొడవంతా మా రిజిస్టరుతోనే. ఆ రిజిస్టరులో ఆ ఫ్లాటుకూ, ఎదురుగా ముగ్గురు పిల్లలతో కిటకిటలాడే ఫ్లాటుకూ తేడా లేదు. అదే విస్తీర్ణం, అదే జోను, అదే పన్ను. గోడలు ఎన్ని చదరపు అడుగులో మాకు అంగుళంతో సహా తెలుసు. గోడల మధ్య మనిషి ఉన్నాడో లేడో తెలియదు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఈ మధ్య బ్రిటన్‌లో రెండో ఇళ్ల మీద రెట్టింపు పన్ను వేశారని పత్రికల్లో చదివి, ఇక్కడా వేస్తారా అని కొందరు అడిగారు. భయంగా అడిగారు! (నవ్వులు) కాబట్టి ముందు మన లెక్క చూసుకుని తరువాత అక్కడికి వెళదాం.

2021 మార్చి వరకు మన రాష్ట్రంలో ఇంటి పన్నును వార్షిక అద్దె విలువ మీద వేసేవారు. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుంది అని లెక్కగట్టి, దానిలో కొంత శాతం. 2020లో పురపాలక చట్టాలను సవరించి మూలధన విలువ పద్ధతి తెచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అదే అమలు. రిజిస్ట్రేషన్ శాఖ లెక్క ప్రకారం స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, దాని మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య. 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్నారు. పరిమితి అన్నారని చల్లగా ఊపిరి పీల్చుకోకండి. ఏటా 15 చొప్పున పెరిగితే ఐదేళ్లలో రెట్టింపు అవుతుంది. చక్రవడ్డీ మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా, ధర్మవడ్డీ దగ్గర నుంచి చూస్తున్నవాళ్లమే.

ఇప్పుడు అసలు విడ్డూరం వినండి. ఇల్లు ఖాళీగా ఉందని దరఖాస్తు పెట్టుకుంటే పన్నులో తగ్గింపు ఇచ్చే ఏర్పాటు మనకు ఉంది. వేకెన్సీ రెమిషన్ అంటాం మా భాషలో. మనుషులున్న ఇంటికి పూర్తి పన్ను, తాళం వేసిన ఇంటికి కనికరం! ఒకప్పుడు దీనికి అర్థం ఉండేది. పన్ను అద్దె మీద కదా, అద్దె రాని ఇంటికి పూర్తి పన్ను అడగడం ఏమి న్యాయం అన్నారు. సబబే. కానీ ఇప్పుడు పన్ను అద్దె మీద లేదు, ఆస్తి విలువ మీద ఉంది. తాళం వేసినంత మాత్రాన పటమటలో ఫ్లాటు విలువ తగ్గుతుందా? పెరుగుతుంది. పునాది మారిపోయింది, పాత రాయితీ మాత్రం పాత కోడలిలా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆదాయ పన్నులోనూ గాలి అటే వీచింది. పూర్వం ఒకరికి సొంతానికి రెండిళ్లుంటే, రెండోది ఖాళీగా ఉన్నా అద్దె వచ్చినట్టే లెక్కగట్టేవారు. 2019 కేంద్ర బడ్జెట్‌లో రెండో ఇంటికీ ఆ లెక్క అక్కర్లేదన్నారు. దానికి మిగిలి ఉన్న షరతులనూ 2025 బడ్జెట్‌లో ఎత్తేశారు. మధ్యతరగతికి ఊరట అన్నారు. ఊరటే, కాదనను. కాకపోతే మరో లెక్క కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది. ఆ మరుసటి సంవత్సరం కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత 1.88 కోట్లు అని చెప్పింది. ఆ ఖాళీ ఇళ్లన్నీ రెండో ఇళ్లు కావు. అమ్ముడుపోనివి ఉంటాయి, దావాలో ఉన్నవి ఉంటాయి. అయినా రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అన్నం ఒక ఇంట్లో, ఆకలి ఒక ఇంట్లో అన్నట్టు లేదూ?

ఇక బ్రిటన్. మా అమ్మాయి కార్డిఫ్‌లో అద్దె ఇంట్లో ఉంటుంది. మేం మూడు నెలలు వెళ్లి ఉన్నప్పుడు ఆ ఇంటికి కౌన్సిల్ నుంచి, అంటే అక్కడి స్థానిక సంస్థ నుంచి, ఒక ఉత్తరం వచ్చింది. నేను వృత్తి రీత్యా ముందు దాన్నే చదివాను, పాత వాసన! పన్ను అద్దెకుంటున్న మా అమ్మాయి పేరు మీదే ఉంది, ఇంటి యజమాని పేరు మీద లేదు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు ఎందరని అడుగుతున్నారు. ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు. విద్యార్థులే ఉంటే పన్నే లేదు. అక్కడ కుర్చీలో కూర్చుని అనుకున్నాను, వీళ్ల పన్ను గోడలను కాదు, మనిషిని వెతుక్కుంటూ వస్తుంది కదా అని. రెండో ఇంటి మీద పన్ను అన్న ఆలోచన అక్కడ అమలులోకి రావడానికి అసలు కీలకం ఇదే. ఏ ఇంట్లో ఎవరు ఉంటున్నారో కౌన్సిల్‌కు ముందే తెలుసు.

దీన్ని కౌన్సిల్ ట్యాక్స్ అంటారు. 1993 ఏప్రిల్‌లో వచ్చింది. అంతకుముందు తలపన్ను వేసి జనం చేత చీవాట్లు తిన్నారు, అది వేరే కథ. ఈ కౌన్సిల్ ట్యాక్స్ మొదలైనప్పుడు రెండో ఇళ్లకు ఎంత వేశారనుకుంటున్నారు? సగం! ఇద్దరు మనుషులుంటే పూర్తి పన్ను, ఒకరుంటే ముప్పాతిక, ఎవరూ లేకపోతే సగం అని లెక్క. అంటే మన వేకెన్సీ రెమిషన్‌కు అక్కడొక పెద్దన్న ఉండేవాడన్న మాట. తరువాత ఒక్కొక్క మెట్టే దిగారు. ఇంగ్లండ్‌లో 2004 నుంచి ఆ 50 శాతం రాయితీని 10 శాతం దాకా తగ్గించుకునే స్వేచ్ఛ కౌన్సిళ్లకు ఇచ్చారు. 2013 నుంచి రాయితీ పూర్తిగా తీసెయ్యవచ్చన్నారు. 2023లో చేసిన చట్టంతో 2025 ఏప్రిల్ నుంచి 100 శాతం అదనం వేయవచ్చన్నారు. అంటే రెట్టింపు. స్కాట్లాండ్ ఒక ఏడాది ముందే, 2024 ఏప్రిల్‌లోనే ఆ పని చేసింది. సగం నుంచి రెట్టింపుకు రావడానికి 32 ఏళ్లు పట్టింది. ఒక్క రాత్రిలో చేసింది కాదు, మనం గుర్తుంచుకోవలసింది అది.

అందరికంటే ముందు నడిచింది వేల్స్. 2014లో చట్టం చేసి, 2017 నుంచి 100 శాతం దాకా అదనం వేసుకోవచ్చన్నారు. 2023 నుంచి ఆ హద్దు 300 శాతం. ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో కౌన్సిల్ ఇష్టం. వాయవ్యాన గ్వినెడ్ అని ఒక కౌంటీ ఉంది. కొండలు, సముద్రం, వేసవిలో వచ్చిపోయే జనం. అక్కడ 150 శాతం అదనం వేశారు. అంటే పక్కింటివాడు 2,000 పౌండ్లు కడితే రెండో ఇంటివాడు 5,000 కట్టాలి. ఆ కౌంటీలో అబెర్‌సోఖ్ అని ఒక తీరగ్రామం. ఇళ్లు చూస్తే కళకళ, ధరలు చూస్తే గుండె దడ. ఊళ్లో బడి మాత్రం పిల్లలు చాలక 2021 చివర మూతపడింది. వాళ్లకు ఇది డబ్బు గొడవ మాత్రమే కాదు, భాష గొడవ కూడా. వెల్ష్ మాట్లాడే కుర్రవాళ్లు పుట్టిన ఊళ్లో ఇల్లు కొనలేక వెళ్లిపోతుంటే ఆ భాషను ఇంక ఎవరు మాట్లాడతారు? అదనంగా వచ్చిన డబ్బును గ్వినెడ్ తన గృహనిర్మాణ ప్రణాళికకు వాడుతోంది. ఫలానా పన్ను ఫలానా పనికి అని జనానికి కనిపిస్తుంది.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. రెండో ఇంటి పన్ను పెరిగేసరికి కొందరు ఏం చేశారు? ఇది ఇల్లు కాదు, పర్యాటకులకు అద్దెకిచ్చే వ్యాపారం అని రాసిచ్చారు. చిన్న వ్యాపారాలకు అక్కడ పన్ను మాఫీ ఉంది. ఇటు కౌన్సిల్ ట్యాక్సూ లేదు, అటు వ్యాపార పన్నూ లేదు! మనవాళ్లే తెలివైనవాళ్లని అనుకోకండి. (నవ్వులు) దాంతో వేల్స్ ప్రభుత్వం నిబంధన బిగించింది. ఏడాదిలో 252 రోజులు అద్దెకు సిద్ధంగా ఉంచి, 182 రోజులు నిజంగా అద్దెకిస్తేనే అది వ్యాపారం. అంతకుముందు 70 రోజులు చాలు. ఈ 182 మీద నిజమైన చిన్న వ్యాపారులు లబోదిబోమన్నారు. చలికాలంలో అక్కడికి ఎవరు వస్తారు మరి? పెంబ్రోక్‌షైర్ అనే మరో కౌంటీ 2024లో 200 శాతం అదనం వేసి, 2025 ఏప్రిల్ నుంచి దాన్ని 150కి తగ్గించుకుంది. తప్పనిపిస్తే దిద్దుకున్నారు. కౌన్సిల్‌కు వేసే అధికారమూ, తగ్గించే అధికారమూ రెండూ ఉండటం వల్ల అది సాధ్యమైంది. మన కార్పొరేషన్లు ప్రభుత్వం గీసిన గీతల మధ్య తీర్మానం చెయ్యడమే తప్ప గీత గియ్యలేవు.

సముద్రం దాటడం ఎందుకు, కేరళ చూడండి. 2023 ఫిబ్రవరి బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం తాళం వేసి ఉన్న ఇళ్ల మీద, ఒకటికి మించి ఉన్న ఇళ్ల మీద ప్రత్యేక పన్ను ప్రతిపాదించింది. గల్ఫ్‌లో చెమటోడ్చి కట్టుకున్న ఇల్లు, రేపు తిరిగొచ్చి ఉండబోయే ఇల్లు, దానిమీద జరిమానా వేస్తారా అని ప్రవాసులు మండిపడ్డారు. ఖాళీ ఇళ్ల పన్నును అదే నెలలో పక్కన పెట్టేశారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అమెరికాకు పిల్లల్ని పంపని వీధి ఏదైనా ఉందా? ఇక్కడ ఎవరైనా ఆ మాట ఎత్తితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మన దగ్గర రెట్టింపు వేసినా తాళాలు తెరుచుకోవు. 50 లక్షల ఫ్లాటుకు 0.10 శాతం చొప్పున ఏడాదికి 5,000 రూపాయలు. రెట్టింపు చేస్తే 10,000. డాలస్‌లో ఉన్న బాబుగారికి దానితో పుట్టి మునగదు. వేల్స్‌లో అసలు పన్నే వేల పౌండ్లు కాబట్టి రెట్టింపు అంటే నొప్పి తెలుస్తుంది. రెండు చోట్లా మాట ఒకటే, బరువు వేరు. పైగా మనవాళ్లు అద్దెకివ్వనిది అత్యాశతో కాదు, భయంతో. దిగినవాడు ఖాళీ చెయ్యకపోతే కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం. ఆ భయం పన్నుతో పోదు, నమ్మకమైన అద్దె ఒప్పందాలతో పోతుంది. కాబట్టి ఈ పన్నును ఇళ్లు తెరిపించే మంత్రదండం అని ఎవరైనా చెబితే నమ్మకండి. వీధి దీపం, కాలువ, చెత్త బండి, రోడ్డు, వీటివల్లే మన ఫ్లాటు విలువ పెరుగుతోంది కదా, ఆ పెరుగుదలలో కాస్త వాటా అడగడం. అంతవరకే.

అందుకని, కొత్తగా జరిమానా వేయడానికి ముందు పాత రాయితీని తీసెయ్యమంటాను. ఖాళీ ఇంటికి తగ్గింపు ఎవరికి ఇవ్వాలి? ఇల్లు మరమ్మతులో ఉంటే ఇవ్వండి. యజమాని చనిపోయి వారసుల లెక్క తేలకపోతే ఒక ఏడాది ఇవ్వండి. అమ్మకానికి పెట్టి ఉంటే ఒక ఏడాది ఇవ్వండి, ఇంగ్లండ్‌లోనూ అదనపు పన్ను నుంచి ఇలాంటివాళ్లకు ఏడాది గడువు ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎందరు ఇల్లు వదిలి వెళ్లారు! వాళ్లకు ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తాం? ఏ కారణమూ లేకుండా ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్నదానికి మాత్రం వద్దు.

మరి తాళం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కెనడాలో వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీ ఇళ్ల పన్ను వేస్తోంది. మొదట విలువలో 1 శాతం, 2021కి 3 శాతం. అక్కడ ప్రతి యజమానీ ఏటా తన ఇంట్లో ఎవరు ఉంటున్నారో ప్రకటన ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాళీ కిందే లెక్క. ఇక్కడా అడగవచ్చు. వార్డు సచివాలయాలు ఉన్నాయి, ప్రతి ఇంటికీ అసెస్‌మెంట్ నంబరు ఉంది. అబద్ధం చెబితే? కరెంటు మీటరు అబద్ధం చెప్పదు. ఆరు నెలల బిల్లులో యూనిట్లు చూస్తే, ఆ ఇంట్లో ఫ్రిజ్ తిరుగుతోందో లేదో నేను కుర్చీలోంచి లేవకుండా చెబుతాను.

రోజువారీ అద్దె ఫ్లాట్ల సంగతి కూడా ఒక్క నిమిషం. సూర్యారావుపేట ఆసుపత్రుల చుట్టుపక్కల, గుంటూరులో కొత్తపేట దగ్గర, రోగుల బంధువులకు రోజుకింతని గదులు అద్దెకిస్తారు. పెళ్లిళ్ల సీజనులో మరీనూ. ఇది మంచి సేవే, నాకూ ఒకసారి అక్కరకు వచ్చింది. కానీ రిజిస్టరులో అది నివాసం, నడిచేది వ్యాపారం. పక్క వీధిలో లాడ్జి నడిపేవాడు నివాసేతర రేటు కడుతున్నాడు. ఏడాదికి ఇన్ని రోజులు దాటితే వ్యాపారం అని ఒక గీత మనకూ అవసరం. 182 కావాలా, 100 కావాలా, కూర్చుని తేల్చుకోవచ్చు.

డబ్బు ఎక్కడికి పోతుందన్నది మిగిలింది. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయ చట్టం పుణ్యమా అని వచ్చింది. మన వీధి గ్రంథాలయంలో ఆ పత్రికలు, ఆ బల్లలు మన పైసలవే. ఇలా పేరు పెట్టి తీసుకుంటే జనం కడతారు. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరదన్న ఫిర్యాదు పాతదే, అది వేరే పూట మాట్లాడుకుందాం. ఖాళీ ఇళ్ల నుంచి వచ్చినదాన్ని అలాగే వేరే పద్దులో వేసి, పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లకో, ఆసుపత్రి నర్సుల హాస్టలుకో ఖర్చు చేస్తే లెక్క గోడ మీద రాసి పెట్టవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు.

(ఒక శ్రోత: మా అత్తగారి ఇల్లు ఊళ్లో ఉందండి. ఆవిడ పోయాక తాళం వేసి ఉంచాం. పండగలకు వెళతాం. అమ్మడానికి మనసొప్పదు. దానికీ ఎక్కువ పన్ను కట్టమంటారా?)

మీరు అడగకపోతే బాగుండునని ఇందాకటి నుంచి అనుకుంటున్నాను తల్లీ. (నవ్వులు) ఈ మొత్తం వ్యవహారంలో నాకు జవాబు కష్టమైన ప్రశ్న అదే. అది విహారానికి కొన్న ఇల్లు కాదు, పెట్టుబడి కాదు. చట్టానికి ఆ తేడా తెలియదు, వేల్స్ చట్టానికీ తెలియదు. అక్కడ అమ్మమ్మ ఇల్లు వదులుకోలేక రెట్టింపు కట్టినవాళ్లు ఉన్నారు. నేనైతే పల్లెల జోలికి ఇప్పుడే వెళ్లవద్దంటాను. అక్కడ కొరత ఇళ్లకు కాదు, మనుషులకు. ముందు నగరంలో, అదీ అపార్టుమెంట్ల వరకు.

(మరో శ్రోత: మీకు రెండో ఇల్లు ఉందా సార్?)

ఉందండీ. (నవ్వులు) దాచేదేముంది? తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారు కట్టిన పెంకుటిల్లు. అమ్మ పోయి ఆరేళ్లు. తాళంచెవి పక్కింటి పిన్నిగారి దగ్గర ఉంటుంది. పంచాయతీకి నేను కట్టే ఇంటి పన్ను ఎంతో చెబితే మీరు నన్ను ఈ వేదిక దింపేస్తారు. రెండేళ్ల క్రితం మా ఊరి బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ ఇల్లు అద్దెకు అడిగింది. చిన్న పిల్లతో రోజూ తెనాలి నుంచి బస్సులో రావడం కష్టంగా ఉందంది. మధ్య గదిలో అమ్మ ఇనప్పెట్టె ఉంది, ఎక్కడికి మార్చాలో తోచక, చూద్దాంలెమ్మా అన్నాను. మొన్న వేసవిలో ఆ పెట్టె ఇక్కడికి తెచ్చేసి, పిన్నిగారికి ఫోను చేసి టీచరమ్మకు కబురు పెట్టమన్నాను. ఆవిడ బదిలీ చేయించుకుని వెళ్లిపోయిందట.